పిడుగు పడితే వజ్రం పగులుతుందా?

చేనుగట్టు: తొలకరి పడింది, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల వేట మొదలైంది. పిడుగు పడ్డ చేలో దొరికిన రాయికి లోపల పగులు ఉంటుందని కొనేవాళ్లు ధర కోస్తున్నారు. నిజమేనా?

సానబల్ల: నిజమే. పిడుగు వేడి దాదాపు 30,000 డిగ్రీలు. వజ్రం గాలిలో 800 దగ్గరే కాలడం మొదలుపెడుతుంది. ఇంకేం మిగులుతుంది?

నల్లరేగడి: వేడి ఎంతసేపు ఉంటుందో కూడా చూడాలి కదండీ. అంత వేడి సెకనులో వెయ్యోవంతు కూడా నిలవదు. వజ్రం రాగి కన్నా నాలుగైదు రెట్లు బాగా వేడిని పంచేస్తుంది, వ్యాకోచం బాగా తక్కువ. అందుకే గాజులా చిట్లదు. మామూలు వజ్రంలో కరెంటు పారదు కూడా. చుట్టూ తడిమట్టి ఉండగా పిడుగు రాయిలోంచి ఎందుకు పోతుంది?

సానబల్ల: 30,000 అవునా కాదా? అది చెప్పండి ముందు.

నల్లరేగడి: అవును, గాలిలో ఆ సన్నటి దారిలో. అదే పిడుగు ఇసుకలో దిగితే ఇసుక కరిగి బోలు గాజుగొట్టం అవుతుంది. ఆ గొట్టం బయటివైపు ఇసుక రేణువులు కరక్కుండా అలాగే అంటుకుని ఉంటాయి.

గులకరాయి: మావైపు పిడుగుకే వజ్రం పుడుతుందంటారు. సంస్కృతంలో వజ్రమంటే పిడుగు కూడా.

నల్లరేగడి: పుట్టేది 150 కిలోమీటర్ల లోతున. వజ్రాలను పైకి మోసుకొచ్చిన అగ్నిశిలలు, అంటే వజ్రకరూర్ కింబర్లైట్ల వయసే 100 కోట్ల ఏళ్ల పైమాట. వాన పైమట్టిని కడిగితే రాయి కంటపడుతుంది.

సానబల్ల: రోజూ రాళ్లు చూసేది మేం. పైన ముక్కోణపు గుంటలు, లోపల ఈకల్లాంటి పగుళ్లు. పిడుగు కాకపోతే ఏంటవి?

నల్లరేగడి: ఆ గుంటలు శిలాద్రవంలో పైకి వస్తున్నప్పుడు రాయి కరిగిన గుర్తులు. పిడుగుకు సంబంధమే లేదు. వజ్రం గట్టిదే కానీ నాలుగు తలాల వెంట చీలుతుంది, సుత్తి దెబ్బ చాలు. పగుల్లోకి ఎర్రమరక దిగిందంటే నిన్నమొన్నటి పగులు కాదు. నిజంగా కాలిన రాయికి పైన పాలపొరలా మసక ఉంటుంది, సానపడితే పోతుంది. నగకు టార్చి మంటతో అతుకు వేసేటప్పుడు ఆ మసక రాకుండానే కదా వజ్రానికి బోరిక్ యాసిడ్, స్పిరిట్ కలిపి పూస్తారు? కెంపుకు, నీలానికి మాత్రం పూయకూడదు, పైపొర తినేస్తుంది.

సానబల్ల: పాఠాలు తర్వాత! సాన మీద పగులు విచ్చుకుని రాయి రెండైతే నష్టం ఎవరిది? మీరిస్తారా?

చేనుగట్టు: అసలు సంగతి ఇప్పుడొచ్చింది. పగులుంటే తగ్గించండి, కాదనం. పిడుగు పేరెందుకు? ఆ మాట అనగానే రైతు పగులు చూపించమని అడగడు, చేతిలో పెట్టింది తీసుకుని వెళ్లిపోతాడు.

సానబల్ల: చూపిస్తే ఒప్పుకుంటారా?

చేనుగట్టు: చూపించండి. తూకం కూడా మా ఎదురుగానే వేయండి.

నల్లరేగడి: రాయిని సబ్బునీళ్లతో కడిగి, పక్కనుంచి లైటు వేసి, పది రెట్ల భూతద్దం కింద మెల్లగా తిప్పండి. పగులుంటే ఏదో ఒక కోణంలో అద్దంలా తళుక్కుమంటుంది. ఇద్దరూ చూశాకే ధర మాట్లాడుకోండి.

గులకరాయి: ఉరుముతుంటే మాత్రం చేలో ఉండకండి, చెట్టు కిందకీ పోకండి.