వీధిలో ముసలి పిల్లి ఎముకల గూడైంది, ముందు ఏం చేయాలి? (నెల్లూరు)

మైపాడుగేటు_7:
అందరికీ నమస్కారం. మా వీధి చివర చికెన్ కొట్టు అరుగు కింద ఒక ముసలి ఆడపిల్లి ఉంటా ఉంది. పదేళ్ళ పైనుంచీ చూస్తున్నామని వీధివాళ్ళు చెప్తున్నారు. ఎడమ చెవి కొస కత్తిరించినట్టు సూటిగా ఉంది. వీపు మీద చెయ్యి పెడితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి, రెండున్నర కిలోలు కూడా ఉండదు. జొల్లు కారతా ఉంది, నోరు కంపు కొడతా ఉంది. చేప ముక్క వేస్తే పరిగెత్తుకొచ్చి నోట పెట్టుకుంటుంది, ఒక అరుపు అరిచి వదిలేస్తుంది. ముందు కాలి గోరొకటి వంకర తిరిగి అరికాలి మెత్తలోకి దిగింది. బొచ్చు అట్టలు కట్టింది. నిమరనిస్తుంది గానీ ఎత్తుకోనివ్వదు. ఒకాయన రోజూ పాలు పోస్తున్నాడు, ఇంకో పెద్దాయన నొప్పికి పారాసెట్మాల్ ముక్క కలిపి పెట్టమంటున్నాడు. దీన్ని పట్టేదెట్టా, ముందు ఏం పెట్టాలి, ఏ టెస్టులు చేయించాలి? ఇంట్లో ఇప్పటికే రెండు పిల్లులున్నాయి.

కొత్తపట్నం_కెరటం:
ముందు ఆ పెద్దాయన్ని ఆపండి. పారాసెట్మాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. 500 ఎంజీ మాత్రలో పావు ముక్కైనా రెండు కిలోల పిల్లికి విషమే. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఇప్పటికే ఎవరైనా పెట్టేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. దానికి విరుగుడు ఎసిటైల్ సిస్టీన్, మనుషుల మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది. పాలు కూడా మానిపించండి. పెద్ద పిల్లికి పాలు సరిగ్గా అరగవు, విరేచనాలైతే ఒంట్లో ఉన్న కాస్త నీరూ పోతుంది.

మీరు చెప్పింది ఆకలి లేకపోవడం కాదు, నోటి నొప్పి. తినాలని వస్తోంది, పన్ను తగలగానే వదిలేస్తోంది. చెవి కొస కోసి ఉందంటే ఎప్పుడో ఆపరేషన్ చేసి వదిలారని గుర్తు, పిల్లల గొడవ ఉండదు.

పట్టడానికి గోనెసంచి వాడొద్దు, ఉడికిపోతుంది, కరిస్తే పళ్ళు గోనెలోంచి దిగుతాయి కూడా. గట్టి ప్లాస్టిక్ క్యారియర్‌ని తలుపు పైకి వచ్చేట్టు నిలువుగా నిలబెట్టండి. పొద్దున ఎండ ఎక్కకముందు, మసాలా లేకుండా కాల్చిన కానాగంత ముక్క పెట్టి, అది తలొంచి నాకుతుండగా వెనకనుంచి మందపాటి తువ్వాలు కప్పి, తువ్వాలుతో సహా ఎత్తి, వెనక కాళ్ళు ముందు దిగేట్టు క్యారియర్‌లోకి దించండి. తల ముందు పెడితే నాలుగు కాళ్ళూ అంచుకి తన్నిపెట్టి దూకేస్తుంది. మెడ తోలు పట్టి ఎత్తొద్దు, ఆ వయసులో కండ లేదు, తోలు పలచన. మూత వేశాక గుడ్డ కప్పి నీడలో పెట్టండి, చీకట్లో అదే సద్దుమణుగుతుంది.

ఇంటికి తెచ్చాక మొదట చూడాల్సింది ఒంటి వేడి. డిజిటల్ థర్మామీటర్‌కి కాస్త వాజలైన్ రాసి మలద్వారంలో పెడితే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉండాలి. 99 కంటే తక్కువుంటే అన్నం, నీళ్ళు ఏవీ నోట్లో పెట్టొద్దు, చల్లబడిన ఒంట్లో పేగు కదలదు. గోరువెచ్చటి నీళ్ళ సీసాలకి గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టి ముందు వేడెక్కించండి. నెల్లూరు ఎండలో చల్లబడటమేందని అనుకోవద్దు. కొవ్వు కరిగిపోయిన ఒళ్ళు ఫ్యాన్ కిందే చల్లబడుతుంది.

ఇక తిండి. జాలిపడి గిన్నె నిండా పెట్టేది ఇక్కడే, ఇబ్బంది వచ్చేదీ ఇక్కడే. చాన్నాళ్ళు పస్తున్న ఒంటికి ఒక్కసారి తిండి పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో ఉన్న కొద్దిపాటి ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి లాగేసుకుంటుంది. మొదటిరోజు బాగా తిన్న పిల్లి రెండు నుంచి అయిదు రోజుల మధ్య మెడ వాల్చేస్తుంది, ఆయాసపడుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి. 2.3 కిలోల పిల్లికి కదలకుండా పడుకున్నా రోజుకి దాదాపు 130 కేలరీలు కావాలి. మొదటిరోజు అందులో మూడో వంతే, అంటే ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్ 25 నుంచి 30 గ్రాములు. దాన్ని అయిదారు విడతలుగా పంచాలి, విడతకి ఒక చిన్న చెంచాడు. రెండో రోజు 40, మూడు నాలుగు రోజుల్లో 50 నుంచి 55, అంతా సవ్యంగా ఉంటే అయిదో రోజుకి 80 గ్రాములు. మిక్సీలో గంధంలా తిప్పి, ఉడికిన నీళ్ళు పారబోయకుండా అందులోనే కలపండి, పొటాషియం చాలావరకు ఆ నీళ్ళలోకి దిగి ఉంటుంది. గోరువెచ్చగా పెడితే వాసన తగిలి తింటుంది. ఉత్త చికెన్ వారం పది రోజులకి మించి వద్దు, కాల్షియం చాలదు. డాక్టరు దగ్గర రికవరీ డబ్బా (కోలుకునే పిల్లుల కోసం చేసిన మెత్తటి తిండి) దొరికితే మొదటి రోజునుంచీ అదే మేలు. పచ్చి కవళ్ళు, నెత్తళ్ళు పెట్టొద్దు, వాటిలో బి1 విటమిన్‌ని విరిచేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే పోతుంది.

తానుగా తినకపోతే సిరంజితో, తల పైకెత్తకుండా, బుగ్గ పక్కనుంచి ఒక్కో ఎంఎల్ వేసి మింగేదాకా ఆగండి. తల వెనక్కి వంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొత్తానికే ముట్టకుండా రెండు రోజులు దాటితే కాలేయంలో కొవ్వు చేరుతుంది, ఆ దాకా రానివ్వొద్దు.

ప్రకాశం_పశువైద్యం:
తిండి కొలతలు సరిగ్గా ఉన్నాయి. మొదటి విడతకి ముందే బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ ఇప్పిస్తే మంచిది, తిండి పడగానే బి1 చాలా ఖర్చవుతుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పశువుల ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, గొర్రెలు. ఒంగోలు గిత్తకి అలవాటుపడ్డ సిరంజి రెండు కిలోల పిల్లికి పనికిరాదు, మీరే బరువు కాగితం మీద రాసి చూపించండి. ముఖ్యంగా ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. పిల్లికి రోజుకి కిలోకి 5 ఎంజీ దాటితే కంటి రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు, ముసలిదై కిడ్నీ కూడా బాగాలేకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. పశువుల 10 శాతం సీసాలో ఒక ఎంఎల్‌కి 100 ఎంజీ ఉంటుంది, అంటే మీ పిల్లికి రోజంతా కలిపి 0.1 ఎంఎల్. కంటితో అంచనా వేసి లాగే పరిమాణం కాదది. నోటి ఇన్ఫెక్షన్‌కి ఎమోక్సిసిలిన్-క్లావులనేట్ కుదురుతుందా అని అడగండి, కిలోకి 12.5 ఎంజీ, రోజుకి రెండు పూటలు.

తోలు పైకి లాగి వదిలితే మెల్లగా దిగుతోందా అన్నది ముసలి, బక్క పిల్లిలో నమ్మకమైన గుర్తు కాదు. చిగుళ్ళు వేలికి అంటుకుంటున్నాయా చూడండి. అంటుకుంటుంటే చర్మం కింద రింగర్ లాక్టేట్ 75 నుంచి 100 ఎంఎల్ ఎక్కిస్తారు. అంతకుముందు గుండె విని మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) లేదని చూసుకోవాలి, ఉంటే నీరు ఊపిరితిత్తుల్లో చేరొచ్చు. సీసాని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఒంటి వేడికి తెచ్చాకే ఎక్కించాలి. భుజాల మధ్య ఉబ్బి, తర్వాత ముందు కాలి వైపు జారితే కంగారుపడొద్దు, కొన్ని గంటల్లో పీల్చుకుంటుంది.

రక్తంలో క్రియాటినిన్, యూరియా, ఫాస్ఫరస్, పొటాషియం, షుగర్, టి4 (థైరాయిడ్ హార్మోన్), ఇవి అడగండి. దాంతోపాటు మూత్రం సాంద్రత తప్పనిసరి. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి కాబట్టి కండ కరిగిన పిల్లిలో కిడ్నీ పాడైనా అంకె మామూలుగానే కనిపిస్తుంది. అటు ఒంట్లో నీరు తగ్గితే ఆ అంకె ఊరికే పెరుగుతుంది. మూత్రం సాంద్రత 1.035 కంటే తగ్గి, క్రియాటినిన్ 1.6 దాటితే కిడ్నీని అనుమానించాలి, నీరు ఎక్కించిన తర్వాత మళ్ళీ చూడాలి. మూత్రం పట్టాలంటే ట్రేలో ఇసుక తీసేసి, కడిగి ఆరబెట్టిన అక్వేరియం గులకరాళ్ళు పోస్తే కింద నిలుస్తుంది, సిరంజితో లాగొచ్చు.

మనుషుల ల్యాబులో క్రియాటినిన్, యూరియా చేయించినా ఫర్వాలేదు గానీ రక్తకణాల లెక్క మాత్రం నమ్మొద్దు. పిల్లి ఎర్రకణాలు చిన్నవి, ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, మెషిన్ తికమకపడుతుంది. రిపోర్టు పక్కన అచ్చేసే నార్మల్ రేంజి మనుషులది. షుగర్ 250 వచ్చిందని వెంటనే ఇన్సులిన్ మొదలెట్టొద్దు, సూదికి భయపడ్డ పిల్లికి అంత వస్తుంది.

పళ్ళు పీకే పని చివర్లో. బరువు పెరిగి, కిడ్నీ అంకెలు కుదురుకున్నాకే మత్తు. అలాంటి ఆపరేషన్‌కి, స్కానింగ్‌కి నెల్లూరునుంచి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరే.

మైపాడుగేటు_7:
ఇద్దరికీ ధన్యవాదాలు. పట్టాం. 98.4 ఉండింది, సీసాలు పెట్టి 100.6కి తెచ్చి చికెన్ గంధం పెట్టాం, నాకేసింది. స్నానం ఎప్పుడు చేయించొచ్చు? ఎక్కడ ఉంచాలి?

రామాయపట్నం_గాలి:
స్నానం ఇప్పుడు వద్దు అక్కా. తడిస్తే మళ్ళీ చల్లబడుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో పిండిన గుడ్డతో మూతి, వెనక భాగం తుడిస్తే చాలు. అట్టలు కట్టిన బొచ్చుని కత్తెరతో కోయొద్దు, అట్ట కిందికి తోలు కూడా లేచి వచ్చి ఉంటుంది, కోస్తే తోలు తెగుతుంది. ట్రిమ్మర్‌తో రోజుకి ఒకటి రెండు తీయండి. పేలు, పిడుదులని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి సబ్బునీళ్ళ గిన్నెలో వేయండి. కుక్కల స్పాట్-ఆన్ (మెడ మీద చుక్కలుగా వేసే) పేల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి, సీసా వెనక చదవండి. పుండులో పురుగులుంటే పశువులకి పోసినట్టు టర్పెంటైన్, కర్పూరం పోయొద్దు. చిమటాతో తీసి సెలైన్‌తో కడిగించాలి. నేల తుడిచే ఫినాయిల్ కూడా ఆ గదిలో వద్దు, పాదాలు నాకితే లోపలికి పోతుంది.

మెత్తలోకి దిగిన గోరు ఇంట్లో లాగొద్దు. డాక్టరు వంపు దగ్గర కత్తిరించి, దిగిన ముక్క వెనక్కి తీసి, పావిడోన్ అయోడిన్‌ని పలచటి టీ రంగుకి కలిపి కడుగుతారు. ముసలి పిల్లి గోళ్ళు గీరుకోక మందమవుతాయి, నెలకోసారి చూసుకోవాలి.

మీ రెండు పిల్లులకి దూరంగా వేరే గదిలో 14 రోజులైనా ఉంచండి, గిన్నెలు, చీపురు వేరు. పిల్లుల పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే వైరస్) నేల మీద ఏడాది దాకా బతుకుతుంది. ఒక వంతు బ్లీచ్ ద్రవానికి 32 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి తుడవండి. ట్రే గోడ మూడు అంగుళాలకి మించితే నొప్పి కీళ్ళతో ఎక్కలేక పక్కన పోస్తుంది, పాత టబ్ ఒక వైపు కోసేయండి. పెన్న ఇసుక జల్లించి పోస్తే సరిపోతుంది.

నీళ్ళు ఎంత తాగుతోందో కొలవండి. మన ఎండలో ఆవిరయ్యేది తీసేయాలి కాబట్టి, అదే సైజు గిన్నె ఇంకొకటి పిల్లికి అందని చోట పెట్టి, తగ్గింది తేడా తీయండి. 24 గంటలకి 230 ఎంఎల్ దాటితే డాక్టరుకి చెప్పాల్సిన సంగతే.

కొత్తపట్నం_కెరటం:
ఇంట్లోనే పెట్టాలా అన్నది నా లెక్కలో కిడ్నీ రిపోర్టు తేలుస్తుంది. రోజూ మందు, మెత్తటి తిండి కావలసిన పిల్లిని అరుగు కిందికి తిరిగి వదిలితే నెల తిరిగేసరికి మళ్ళీ ఇదే స్థితి. పళ్ళు తీశాక అంకెలు బాగుంటే మాత్రం, పదేళ్ళు వీధిలో ఉన్నదాన్ని గదిలో బంధించడం కంటే మీ వరండాలో గిన్నె, మంచం కింద గుడ్డ, నీడ చాలు. ఎండుచేప మాత్రం ఆశపెట్టొద్దు, ఆ ఉప్పు, ఫాస్ఫరస్ ముసలి కిడ్నీకి బరువే. తినడం కుదిరి, జ్వరం, జలుబు లేకుండా పది రోజులు గడిచాక టీకాలు వేయించండి.

పట్టేటప్పుడు గీసినా, కరిచినా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. చర్మంలోకి వేసే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో. గాయం రక్తం వచ్చేంత లోతైతే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఆ గాయం చుట్టూ వేయించుకోవాలి.