బ్యాచ్ ఫైలు నుంచి తెలుగు వికీపీడియా లింకులు సరిగా తెరుచుకోవడం లేదు

ప్రశ్న

నమస్కారం. తెలుగు వికీపీడియాలో నేను గమనిస్తూ ఉండే కొన్ని వ్యాసాల చరిత్ర పేజీలను ఉదయం పూట ఒకేసారి తెరవడానికి విండోస్‌లో ఒక చిన్న బ్యాచ్ ఫైలు (ఆదేశాలను వరుసగా నడిపే టెక్స్ట్ ఫైలు) రాసుకున్నాను. ప్రతి వరుసలోనూ స్టార్ట్ ఆదేశం, దాని పక్కన లింకు ఉంటాయి. లింకును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే బ్రౌజరు రాదు సరికదా, ఆ లింకునే పేరుగా పెట్టుకున్న నల్లని విండో ఒకటి తెరుచుకుంటోంది. కొటేషన్లు తీసేస్తే ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంటోంది గాని, వేరే ఏదో పేజీ వస్తోంది. పైగా ‘యాక్షన్’ అనే ఆదేశమేదీ లేదన్న సందేశం కనిపిస్తోంది. డిఫాల్ట్ బ్రౌజరుగా క్రోమ్‌ను పెట్టి చూసినా ఇదే తంతు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

లోపం బ్రౌజరుది కాదండీ. లింకు బ్రౌజరు దాకా చేరకముందే కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలను చదివి నడిపే విండోస్ ప్రోగ్రామ్) దాన్ని ముక్కలు చేస్తోంది. స్టార్ట్ ఆదేశం తన పక్కన కొటేషన్లలో కనిపించిన మొదటి మాటను కొత్త విండోకు శీర్షికగా తీసుకుంటుంది కనుక, ముందు ఖాళీ శీర్షిక ఒకటి ఇచ్చి, ఆ తరువాత లింకు ఇవ్వాలి:

స్టార్ట్ "" "లింకు"

కొటేషన్లు లేనప్పుడు & గుర్తు దగ్గర ఒక ఆదేశం ముగిసి ఇంకొకటి మొదలైనట్టు లెక్క. చరిత్ర పేజీ లింకులో & తరువాత వచ్చేది ‘యాక్షన్’ కాబట్టే మీకు ఆ సందేశం వచ్చింది.

రెండవ జవాబు

పై సవరణ అవసరమే గాని, తెలుగు లింకులకు అదొక్కటే చాలదు. అడ్రసు బార్ నుంచి కాపీ చేసినప్పుడు తెలుగు అక్షరాలు శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మారతాయి. ఒక్కొక్క అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటరు బైట్లుగా దాచే పద్ధతి) 3 బైట్లు, ఒక్కో బైటుకు 3 గుర్తులు పడతాయి కాబట్టి ‘తెలుగు’ అన్న చిన్న మాటే 54 గుర్తుల పొడవవుతుంది. అందులో ‘త’ ఒక్కటే %ఈ0%బీ0%ఏ4 అవుతుంది. బ్యాచ్ ఫైలులో రెండు శాతం గుర్తుల మధ్య ఉన్నది వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) పేరుగా లెక్క. ‘ఈ0’ అనే వేరియబుల్ లేదు కనుక ఆ ముక్క తన రెండు శాతం గుర్తులతో సహా మాయమవుతుంది. కొటేషన్లు దీన్ని ఆపలేవు. ఇదే లింకును కమాండ్ ప్రాంప్ట్‌లో నేరుగా టైపు చేస్తే మాత్రం చక్కగా పనిచేస్తుంది, అందుకే ఈ తప్పు ఒక పట్టాన దొరకదు. బ్యాచ్ ఫైలులో ప్రతి శాతం గుర్తునూ రెండుసార్లు రాయండి. లేదా విండోస్‌లోనే ఉన్న మరో ఆదేశాల ప్రోగ్రామ్ పవర్‌షెల్‌కు మారి, స్టార్ట్-ప్రాసెస్ ఆదేశానికి లింకును ఒంటి కొటేషన్లలో ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. శాతం గుర్తులను రెట్టింపు చేయగానే పేజీలన్నీ సరిగా వచ్చాయి. అయితే ఇంట్లో ఉబుంటు (లినక్స్) కంప్యూటరు కూడా ఉంది. ఒకే జాబితాను రెండుచోట్లా వాడుకునే వీలుంటుందా?

మూడవ జవాబు

ఉంటుంది. లింకులను వరుసకొకటి చొప్పున టెక్స్ట్ ఫైలులో ఉంచి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో చదివి, వెబ్‌బ్రౌజర్ మాడ్యూల్‌లోని ఓపెన్ ఫంక్షన్‌కు ఇవ్వండి. విండోస్‌లో అది కమాండ్ ప్రాంప్ట్‌ను మధ్యలోకి రానివ్వదు కనుక & గాని, శాతం గుర్తు గాని చెక్కుచెదరవు. ఒక్క జాగ్రత్త: లింకు హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతేనే తెరిచేలా షరతు పెట్టండి. లేకపోతే జాబితాలో ఎవరైనా ఒక ప్రోగ్రామ్ ఫైలు దారి చేర్చినా విండోస్ దాన్ని నడిపించే ప్రమాదముంది.

పైథాన్ వద్దనుకుంటే ఉబుంటులో లింకును డిఫాల్ట్ బ్రౌజరులో తెరిచే ఎక్స్‌డీజీ-ఓపెన్ ఆదేశం ఉంది. అది ఒకసారికి ఒక్క లింకునే తీసుకుంటుంది కాబట్టి, ఒక్కో లింకుకూ దాన్ని మళ్ళీ నడిపే లూప్ రాయాలి. ఉదయం దానంతటదే నడవాలని, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెడితే మాత్రం, క్రాన్‌కు మీ తెర ఏదో తెలియదు కనుక బ్రౌజరు రాదు. దానికి బదులు స్టార్టప్ అప్లికేషన్స్ జాబితాలో చేర్చితే లాగిన్ కాగానే పేజీలు తెరుచుకుంటాయి.