మబ్బు పట్టగానే మామిడికి తేనెమంచు ఎందుకు వస్తుంది?

ప్రశ్న (ఉలవపాడు మామిడి రైతు):
మాకు నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. సంక్రాంతి దాటాక పూత విచ్చుకునే సమయంలో మూడు రోజులు మబ్బు పట్టి, తెల్లవారుజామున పొగమంచు దట్టంగా కురిసింది. పది రోజులు తిరిగేసరికి ఆకుల మీద తేనెమంచు అనే జిగట, ఆ వెనుకే మసి కనిపించాయి. పూత చాలావరకు మాడి రాలిపోయింది. ఆ జిగట మంచుతోనే పడుతుందని మా పెద్దలు అంటారు. మందుల దుకాణంలో అడిగితే మబ్బు వేసిన ప్రతిసారీ పిచికారీ చేయమంటున్నారు. అనుభవజ్ఞులు వివరించగలరు.

సమాధానం (ఉద్యాన శాఖలో పనిచేసి విరమించినవారు):
రైతు గారూ, తేనెమంచు అన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఆ జిగట ఆకాశం నుంచి పడదు. పూగుత్తుల రసం పీల్చే చిన్న పురుగులు విసర్జించే తీపి ద్రవమది, దాని మీద పెరిగే బూజే మసి. పూత లేని కాలంలో ఈ పురుగులు బెరడు పగుళ్లలో దాగి ఉండి, పూమొగ్గ తొడగగానే పైకి చేరి లేత కాడల్లో గుడ్లు పెడతాయి. కాబట్టి మూడు రోజుల మబ్బు పురుగును పుట్టించలేదు, అప్పటికే ఉన్నదానికి అనువైన తేమను, నీడను ఇచ్చింది. కొమ్మలు కలిసిపోయి గాలీ వెలుతురూ చొరని తోటల్లో మబ్బు లేకపోయినా ఇదే పరిస్థితి ఉంటుంది.

మరొక మాట. చల్లని రాత్రులు, మంచు ఉన్నప్పుడు బూడిద తెగులు కూడా పూతను రాలుస్తుంది. పూగుత్తుల మీద తెల్లని పొడి ఉంటే అది పురుగు పని కాదు. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు, పురుగుమందు దండగ. పురుగుకైతే పూమొగ్గ కనిపించి, పూలు ఇంకా విచ్చుకోని దశలోనే గుత్తిని తట్టి, పురుగులున్నాయేమో చూసి, మందు కొట్టాలో లేదో నిర్ణయించుకోవాలి. నిండు పూతలో కొట్టిన మందు పరాగసంపర్కం చేసే తేనెటీగలనూ ఈగలనూ చంపుతుంది.

సమాధానం (పొదలకూరు నిమ్మ రైతు):
మా నిమ్మలో లెక్క వేరు. మా నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కనుక ఆ వెంటనే ఇగురు (కొత్త చిగురు) విరివిగా వస్తుంది. ఆకు తొలిచే పురుగుకు లేత ఆకే కావాలి, రసం పీల్చే సిల్లా పురుగు లేత ఇగురు మీదే గుడ్లు పెడుతుంది. అందుకే వాన కన్నా ఇగురునే నేను చూస్తాను. ఆకు తొలిచే పురుగు చేసిన గాయాల గుండా గజ్జి తెగులు లోపలికి చొరబడుతుంది, తడి వాతావరణంలో అది మరీ వేగంగా వ్యాపిస్తుంది. వేసవిలో ఇది తారుమారవుతుంది: ఎండ ముదిరి గాలి పొడిబారితే ఆకుల రసం పీల్చే నల్లి విజృంభిస్తుంది, ఒక్క గట్టి వాన పడితే చాలావరకు కొట్టుకుపోతుంది. మబ్బును చూసి మందు కొట్టే అలవాటు మా వైపూ ఉంది, నేనూ రెండేళ్లు అలాగే డబ్బు పోగొట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా గుత్తుల మీద తెల్లని పొడి కూడా కనిపించిన మాట నిజమే, దాన్ని దుమ్ము అనుకున్నాను. కోతల సమయంలో జల్లులు పడితే కాయలో పురుగు కనిపించడం కూడా ఇలాంటిదేనా?

సమాధానం (ఉద్యాన శాఖలో పనిచేసి విరమించినవారు):
అది పండు ఈగ. దాని పిల్లపురుగు కాయలోంచి నేలలోకి దిగి కోశస్థ దశకు, అంటే ఈగగా మారే ముందు దశకు, చేరుతుంది. జల్లులకు నేల తడిసి, చెట్టు మీద కాయ పక్వానికి వస్తే దానికి రెండూ కలిసొస్తాయి. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడ్చండి, మగ ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ ఎరలను కోతకు చాలా ముందే కట్టండి, కోతలయ్యాక చెట్ల కింద దున్నండి. ఆ దుక్కితో పాటే ఒత్తుగా ఉన్న కొమ్మలను కూడా తీయిస్తే వచ్చే పూతకు వెలుతురు పడుతుంది.