అప్‌డేట్: తొలేళ్ల రాత్రి తప్పెటగుళ్లకి మైకులు ఎలా పెట్టామంటే

విజయనగరం పైడితల్లమ్మ పండక్కి తప్పెటగుళ్ల బృందంతో కలిసి మా బ్యాండు వాయిస్తోంది, సౌండ్ చెక్‌కి టైముండదు, మైకులెలా అని అడిగాను కదా. సోమవారం తొలేళ్ల రాత్రి, అంటే సిరిమాను తిరిగే ముందు రాత్రి, వాయించేశాం. సలహాలిచ్చిన అందరికీ దండాలు.

కేబుళ్లకి రంగు టేపులు చుట్టి, ఏది ఏ ఛానలో కాగితం మీద రాసి మిక్సర్ తమ్ముడికిచ్చాం. లైన్ చెక్ (ఒక్కో మైకూ పలుకుతోందో లేదో చూడటం) చేసుకుని మొదలెట్టేశాం.

అసలు చిక్కు తప్పెటగుళ్లతోనే. గుండెకి గుల్లు అనే గుండ్రటి వాద్యాలు కట్టుకుని గెంతుతూ వాయిస్తారు, స్టాండు మైకు ముందు ఆగరు. ఆగమనకూడదు కూడా, అడుగు ఆగితే దెబ్బ పడదని వాళ్ల పెద్దాయన ముందే చెప్పారు. స్టేజీ అంచున రెండు కండెన్సర్ మైకులు కిందకి పెట్టి, మానిటర్లు (మాకు వినబడేలా స్టేజీ మీద పెట్టే స్పీకర్లు) తగ్గించాం. మైకు కూత (ఫీడ్‌బ్యాక్) రాలేదు. గజ్జెలు, గుల్లు రెండూ వినబడ్డాయి. వాళ్లు జోరందుకున్నాక మా డ్రమ్మర్ చేతులు దించేశాడు. చాలా మంచి పని చేశాడు!

మంగళవారం సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో వ్యాను కదలదు. అక్కడ వాయించేవాళ్లు సామాను సోమవారం రాత్రికి రాత్రే ఊరు దాటించండి.