కిర్మాన్ రాణుల అధికారం ఖితాన్ ఆచారమా, మంగోలుల అండా?

పాతనాణెం:
దక్షిణ ఇరాన్‌లోని కిర్మాన్‌ను 1222 నుంచి 14వ శతాబ్దపు తొలి యేళ్ల వరకు ఏలిన కుత్లుగ్ ఖానీలు ఉత్తర చైనా వైపు నుంచి వచ్చిన ఖితాన్ అనే జాతి సంతతివారు. మూలపురుషుడైన బరాక్ హాజిబ్ ఇస్లాం స్వీకరించి, మంగోలులకు సామంతుడయ్యాడు. ఆ వంశంలో కుత్లుగ్ తుర్కాన్ 1257 నుంచి పాతికేళ్లు, ఆమె కూతురు పాదిషా ఖాతూన్ 1292 నుంచి 1295 వరకు పాలించారు. 12వ శతాబ్దంలో వీరి పూర్వీకుల కరా ఖితాయ్ రాజ్యాన్నీ ఇద్దరు స్త్రీలు ఏలారు కనుక, ఇది ఖితాన్‌లు వెంట తెచ్చుకున్న ఆచారమేనని నా నమ్మకం.

రేవుదారి:
పాతనాణెం గారూ, పొరుగునున్న ఫార్స్‌ను చూడండి. అక్కడి సల్గూరీలు ఖితాన్‌లు కారు, అయినా ఇరాన్‌లో మంగోల్ రాజ్యం స్థాపించిన హులాగూకు కోడలైన అబిష్ ఖాతూన్ పాలకురాలైంది. ఇక కిర్మాన్‌లో, సవతి కొడుకు హజ్జాజ్ ఒక విందులో కుత్లుగ్ తుర్కాన్‌ను అందరి ముందూ నాట్యమాడమని అవమానించినప్పుడు, ఆమె నేరుగా ఇల్‌ఖాన్ (ఆ మంగోల్ రాజ్యపు పాలకుడు) అబాకాకు మొరపెట్టుకుంది. తన కూతురు ఆయన భార్య కావడంతో ఆ మొర వృథా పోలేదు, హజ్జాజ్ చివరికి ఢిల్లీ సుల్తానుల ఆశ్రయానికి పారిపోవలసి వచ్చింది. అబాకా పోయి తెగూదర్ గద్దెనెక్కగానే అదే రాణి పదవి పోగొట్టుకుంది. దీన్ని ఆచారం అనగలమా?

పాతనాణెం:
అండ లేదనను. కానీ 1257లో భర్త చనిపోయినప్పుడు ఆమెనే కోరుకున్నది కిర్మాన్ పెద్దలు, హులాగూ ఆమోదించింది వారి కోరికను. పైగా పాదిషా ఖాతూన్‌ను మంగోలులకు ఇచ్చి పెళ్లి చేయవలసి వస్తుందని, హసన్ షా అనే పేరుతో మగపిల్లవాడిలా పెంచారని చెబుతారు. శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా నిలిచిన మన రుద్రమ కూడా ఆ కాలంలోనే ఓరుగల్లును ఏలింది కనుక, నాకు ఈ కథ మరీ దగ్గరగా అనిపిస్తుంది. ఆ పెళ్లినే తప్పించుకోవాలనుకున్న ఇంటివారు దాని బలంతోనే రాజ్యం చేశారనడం నాకు మింగుడు పడదు.

రేవుదారి:
1257 గురించి మీ మాట ఒప్పుకుంటున్నాను, అది నేను తక్కువగా తూచాను. 1292 మాత్రం వేరు. అబాకా తరువాత గైఖాతూను పెళ్లాడిన పాదిషా ఖాతూన్, ఆయన ఇల్‌ఖాన్ అయ్యాకే కిర్మాన్‌ను అడిగి తీసుకుంది. అప్పటివరకు ఏలుతున్న సవతి సోదరుడు సుయుర్గత్మిష్‌ను బంధించి, తరువాత చంపించింది. 1295లో గైఖాతూ హతుడైన కొద్దికాలానికే, ఆ సోదరుడి భార్య కుర్దుజిన్ ఆమెను పట్టించి ప్రాణం తీయించింది. కుర్దుజిన్ ఎవరో కాదు, అబిష్ ఖాతూన్ కూతురు, హులాగూ మనుమరాలు.