హాస్టల్లో ఉంటూ పిండిపదార్థాలు తగ్గించి తినడం ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ కళాశాల హాస్టల్లో ఉంటున్నాను. ఇక్కడ చేరినప్పటి నుంచి బరువు పెరుగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనం చేశాక తరగతిలో కళ్లు మూతలు పడుతున్నాయి, రాత్రి చదువుకునేటప్పుడు ఏదో ఒకటి నమలకుండా కూర్చోలేకపోతున్నాను. లో కార్బ్ ఆహారం గురించి చాలా చదివాను గానీ, దొరికినవన్నీ సొంత వంటగది ఉన్నవాళ్ల కోసం రాసినవే. మా గదుల్లో పొయ్యి పెట్టుకోనివ్వరు. అంతస్తు మొత్తానికి ఒక మైక్రోవేవ్, ఒక ఫ్రిజ్ ఉన్నాయి. మెస్ రుసుము ముందే కట్టేశాం కాబట్టి, అక్కడ పెట్టేది వదిలేసి మూడు పూటలా బయట కొనుక్కునే స్థోమత నాకు లేదు.

రోజుకు ఎన్ని గ్రాముల పిండిపదార్థాల దగ్గర ఆగాలి? మెస్ భోజనంతోనే ఇది కుదురుతుందా? మొదట్లో తలనొప్పి, నీరసం వస్తాయని చదివాను, మరి పరీక్షలు దగ్గర పడుతున్నప్పుడు మొదలుపెట్టడం మంచిదేనా? నాకు జబ్బులేవీ లేవు, మందులు వాడడం లేదు. గుడ్లు, చేపలు, మాంసం తింటాను.

సమాధానం 1 (పోషకాహార సలహాదారు)

విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నే ఇది. వంటగది మీ చేతిలో లేదన్న సంగతిని మీరు ముందే గుర్తించారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు ఎంచుకోవలసిన హద్దును నిర్ణయించేది కూడా ఆ సంగతే.

రోజుకు 130 గ్రాముల కంటే తక్కువ పిండిపదార్థాలు తింటే దాన్ని సాధారణంగా లో కార్బ్ అంటారు, 20 నుంచి 50 గ్రాముల మధ్యకు దిగితే కీటో అంటారు. వంద గ్రాముల ఉడికిన అన్నంలో సుమారు 28 గ్రాములు, ఒక బ్రెడ్ ముక్కలో 12 నుంచి 15 గ్రాములు, ఒక మోస్తరు అరటిపండులో 27 గ్రాముల దాకా పిండిపదార్థాలు ఉంటాయి. ఇతరులు వండిన కూరల్లో చిక్కదనం కోసం కలిపే మైదా, మొక్కజొన్న పిండి, సాసుల్లో వేసే చక్కెర మన కంటికి కనిపించవు. అందువల్ల మెస్‌లో తింటూ 30 గ్రాముల లెక్కను నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం, 100 నుంచి 130 గ్రాముల లెక్క మాత్రం తూకం యంత్రం లేకుండానే సాధ్యపడుతుంది. మీకు నేను చెప్పేది ఆ రెండో లెక్కే.

మొదటి వారంలో బరువు చకచకా తగ్గడం చూసి పొంగిపోవద్దు, ఆ తర్వాత వేగం మందగించిందని కుంగిపోనూ వద్దు. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే గ్లూకోజ్ ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిల్వ తరిగినప్పుడు దానితోపాటు నీరు కూడా పోతుంది కాబట్టి, తొలి రోజుల్లో తగ్గేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు. మీరు చదివిన తలనొప్పికి కూడా మూలం ఇక్కడే ఉంది. ఇన్సులిన్ తగ్గేకొద్దీ మూత్రపిండాలు సోడియంను ఎక్కువగా బయటికి పంపుతాయి, నీరూ ఉప్పూ కలిసి తరగడంతో తల బరువెక్కడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం వంటివి కొందరిలో కనిపిస్తాయి. మూత్రపిండాల జబ్బు, రక్తపోటు లేనివారు నీళ్లు బాగా తాగి, ఉప్పు వేసిన సూప్ ఒక గిన్నెడు తీసుకుంటే చాలావరకు తేరుకుంటారు. పైన చెప్పిన హద్దులో ఉంటే ఈ బాధ అసలు రాకపోవచ్చు కూడా.

ఈ పద్ధతి మీద కొండంత ఆశలు పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 609 మందిని రెండు జట్లు చేసి, ఏడాది పాటు ఒక జట్టు చేత కొవ్వు తక్కువగా, మరో జట్టు చేత పిండిపదార్థాలు తక్కువగా ఉండే ఆహారం తినిపించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. గణాంకశాస్త్ర ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. చక్కెర, మైదా వీలైనంత మానేసి కూరగాయలు బాగా తినాలన్న సూచన మాత్రం రెండు జట్లకూ ఇచ్చారు. కాబట్టి మీరు ఎన్నాళ్లయినా కొనసాగించగలిగిన పద్ధతే మీకు సరైన పద్ధతి.

మధ్యాహ్నపు మగతకు కారణం భోజనం ఒక్కటే కాకపోవచ్చు. ఆ వేళకు శరీరం సహజంగానే కొంత మందగిస్తుంది, రాత్రి నిద్ర చాలకపోతే అది రెట్టింపవుతుంది. మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో రాయలేదు. పళ్లెం మార్చే ముందు ఆ సంగతి కూడా చూసుకోండి.

సమాధానం 2 (హాస్టల్లో ఉంటున్న పరిశోధక విద్యార్థి)

నేను చాలాకాలంగా హాస్టల్లోనే ఉంటూ ఇలా తింటున్నాను కాబట్టి, ఆచరణకు సంబంధించిన విషయాలు రాస్తాను.

మెస్‌లో మొదట అన్నం వడ్డించుకుని, మిగిలిన చోట కూర వేసుకోవడం మనందరికీ అలవాటు. ఆ వరుసను తిరగేయండి. గుడ్లు, చేప, మాంసం, గట్టి పెరుగు వంటివి ఏవి ఉంటే అవి ముందు పెట్టుకోండి, తర్వాత పళ్లెంలో సగం దాకా కూరగాయలు నింపండి, మిగిలిన చోటులో మాత్రమే అన్నమో రొట్టో వేసుకోండి. బంగాళదుంపను కూరగాయల లెక్కలో కాక అన్నం లెక్కలో చూడండి. పిండిలో ముంచి వేయించినవి తీసుకోక తప్పకపోతే పైపొర తీసేసి తినవచ్చు. వడ్డించేవారితో నెమ్మదిగా మాట్లాడి, అన్నం తగ్గించి ఇంకో గుడ్డు వేయమని అడగడానికి మొహమాటపడవద్దు. రోజూ అదే మనిషి అదే మాట అడుగుతుంటే వారికీ అలవాటవుతుంది, కొన్నాళ్లకు అడగకుండానే వేస్తారు.

అన్నింటికంటే తేలికగా తగ్గించగలిగినవి పానీయాలు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే మీ రోజు లెక్కలో నాలుగో వంతు పైగా ఒక్క డబ్బాతోనే పోతుంది. పండ్లరసం కూడా ఇంచుమించు అంతే. ముందు వీటిని మానేసి, టీ కాఫీల్లో చక్కెర తగ్గించి, పళ్లెం జోలికి ఆ తర్వాత వెళ్లినా నష్టం లేదు.

మెస్‌లో ఏదీ కుదరని పూట మైక్రోవేవ్ ఆదుకుంటుంది. మైక్రోవేవ్‌కు పనికొచ్చే పింగాణీ కప్పు లోపలంతా వెన్న రాసి, రెండు గుడ్లు కొట్టి, చెంచాడు పాలు, చిటికెడు ఉప్పు వేసి, పచ్చసొన జాడ కనిపించనంతగా ఫోర్కుతో గిలకొట్టండి. 45 సెకన్లు పెట్టి బయటికి తీస్తే అంచులు గట్టిపడి, మధ్యలో ఇంకా పల్చగా ఉంటుంది. అంచుల్లోది మధ్యకు కలిపి మళ్లీ పెట్టండి, ఆ తర్వాత పచ్చిదనం పూర్తిగా పోయేదాకా 15 సెకన్ల చొప్పున పెంచుతూ చూసుకోండి. కప్పు సగానికి మించి నింపకూడదు, ఎందుకంటే గుడ్డు పొంగి కిందికి కారుతుంది, ఆ మైక్రోవేవ్ వాడుకునేది మీరొక్కరే కాదు. పెంకుతో ఉన్న గుడ్డును మాత్రం ఎప్పుడూ అందులో పెట్టవద్దు. ముందే ఉడికిన గుడ్డును వేడి చేసినా లోపల ఆవిరి చిక్కుకుని, బయటికి తీశాక కొరికేటప్పుడు కూడా పేలి మూతి కాలే ప్రమాదం ఉంది. గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ వాడాలనుకుంటే హాస్టల్ నియమాలు అందుకు ఒప్పుకుంటాయో లేదో ముందు కనుక్కోండి.

ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా మీ గది నంబరు, తేదీ రాయండి. వండిన మాంసం, గుడ్లు బయట రెండు గంటలకు మించి ఉంటే తినకండి. మెస్ నుంచి తెచ్చి బల్ల మీద పెట్టి, చదువులో పడి మరిచిపోవడం హాస్టల్లో మామూలే కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. గదిలో దాచుకోవడానికి బాదం, వేరుశనగ, డబ్బాలో వచ్చే చేప నిక్షేపంగా పనికొస్తాయి. గింజలను సంచి పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెడితే ఎన్ని తిన్నామో తెలియదు, అందుకని గుప్పెడు గిన్నెలో పోసుకుని సంచి కట్టేసి లోపల పెట్టేయండి.

కీటో అని రాసి అమ్మే చాక్లెట్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. వాటిలో చక్కెరకు బదులు తరచుగా వాడే మాల్టిటాల్ కూడా రక్తంలో గ్లూకోజ్‌ను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది.

సమాధానం 3 (మరో పాఠకుడు)

పై ఇద్దరి మాటలతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కొంచెం అన్నం, ఒకే ఒక్క రొట్టె అని మొదలుపెట్టినవాళ్లు కొద్ది రోజుల్లోనే పాత పళ్లేనికి తిరిగి వెళ్లడం నా చుట్టూ చాలాసార్లు చూశాను. 50 గ్రాముల లోపు అని గట్టిగా గీత గీసుకుంటే ప్రతి పూటా మనసుతో బేరమాడే అవసరం ఉండదు, కొన్నాళ్లకు ఆకలి కూడా తగ్గుతుంది. మెస్‌లో సాసులు, గ్రేవీలు వదిలేసి, విడిగా కాల్చిన మాంసం, గుడ్లు, ఆకుకూరలకు పరిమితమైతే సాధ్యమే. ఖర్చు కొంత పెరుగుతుందన్నది నిజం.

సమాధానం 4 (పోషకాహార సలహాదారు)

గట్టి గీత కొందరికి తోడ్పడుతుందన్న మాటను నేను కాదనను. కీటోలో ఆకలి తగ్గినట్టు చాలామంది చెబుతారు కూడా. అయితే ఈ ప్రశ్న అడిగినవారికి మెస్‌లో విడిగా కాల్చిన మాంసం రోజూ దొరుకుతుందన్న హామీ లేదు, పరీక్షలు ముందున్నాయి. పిండిపదార్థాలు బాగా తగ్గినప్పుడు కొవ్వు నుంచి శరీరం తయారుచేసుకునే ఇంధనాలైన కీటోన్లకు అలవాటుపడే రోజుల్లో ఏకాగ్రత కుదరడం లేదనే మాట నేను తరచుగా వింటుంటాను. ఆ ప్రయోగం చేయాలనుకుంటే సెలవుల్లో చేయడం నయం.

ఇది చదివే ఇతరుల కోసం ఒక ముఖ్యమైన విషయం రాయాలి. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, శరీరం చేత ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేయించే సల్ఫోనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరును అడగకుండా పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లూకోజ్‌ను మూత్రంలో బయటికి పంపే ఎస్‌జీఎల్‌టీ2 రకం మధుమేహం మందులు వాడేవారికి గ్లూకోజ్ మరీ ఎక్కువగా లేకపోయినా కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) వచ్చే అవకాశం ఉంది. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు. తిండి గురించిన భయంతో ఇదివరకు భోజనం మానేసినవారు, తిన్నదాన్ని బలవంతంగా కక్కినవారు గ్రాముల లెక్కల జోలికి అసలు వెళ్లవద్దని వేడుకుంటున్నాను. హాస్టల్లో ఒంటరిగా ఉన్నప్పుడు అటువంటి అలవాటు ఎవరి కంటా పడకుండా తిరిగి వేళ్లూనుకుంటుంది. కళాశాల వైద్యుడితోనో, కౌన్సెలర్‌తోనో ముందుగా మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. నిద్ర గురించి అడిగారు, నిజానికి ఐదు గంటలకు మించి నిద్రపోవడం లేదు. ముందు చక్కెర పానీయాలు మానేసి, పళ్లెం వరుస మార్చి, నిద్ర సరిచేసుకుంటాను. పరీక్షలయ్యాక మిగతాది ఆలోచిస్తాను. నా గదిలో ఉండే స్నేహితురాలు కూడా నాతోపాటు మొదలుపెడతానంటోంది గానీ, తను శాకాహారి, గుడ్లు కూడా తినదు. పప్పులో పిండిపదార్థాలు ఎక్కువ కాబట్టి మానేయాలా అని అడుగుతోంది.

సమాధానం 5 (పరిశోధక విద్యార్థి)

మానేయనక్కర్లేదు, మానేస్తే తనకు ప్రోటీన్ దొరికే దారి మూసుకుపోతుంది. వంద గ్రాముల ఉడికిన పప్పులో సుమారు 20 గ్రాముల పిండిపదార్థాలు ఉన్నా, అందులో 8 గ్రాముల దాకా పీచే, పైగా 9 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. అన్నం తగ్గించి పప్పు పెంచితే 130 గ్రాముల హద్దులోనే సరిపోతుంది. దానికి తోడు టోఫు, చీజ్, చక్కెర కలపని గట్టి పెరుగు, గింజలు పెట్టుకోమనండి. డబ్బాల్లో అమ్మే పెరుగు కొనేటప్పుడు రుచి కలపనిదే తీసుకుని, లేబుల్ మీద అంకెలు వంద గ్రాములకు రాశారో, ఒక వడ్డనకు రాశారో చూసుకోవాలి. పీచు తగ్గితే మలబద్ధకం వస్తుంది కాబట్టి, కూరగాయల విషయంలో మాత్రం మీ ఇద్దరూ పొదుపు చేయవద్దు.

పరీక్షల రోజుల్లో రాత్రి ఆకలేస్తే దాన్ని అణచిపెట్టి కూర్చోవద్దు. సాయంత్రం మెస్ నుంచి గిన్నెడు పెరుగు తెచ్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పదింటికి గుప్పెడు గింజలతో కలిపి తినవచ్చు. ఆ వారంలో ఒక పూట అన్నం ఎక్కువైనా పట్టించుకోకండి, మర్నాడు మామూలుగా తింటే సరిపోతుంది.