భారత న్యాయవాది ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే ఎస్‌క్యూఈ 1కు ఎలా చదవాలి?

ప్రశ్న
అడిగినవారు: ఎల్.బి.నగర్ సివిల్ జూనియర్

అందరికీ నమస్కారం. రంగారెడ్డి జిల్లా కోర్టులలో ఒక సీనియర్ గారి ఆఫీసులో కొన్నేళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. పార్టిషన్ దావాలు, స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలు (ఒప్పందాన్ని అమలు చేయించమని కోరేవి), వీలునామా తగాదాలు మా ఆఫీసుకు ఎక్కువగా వస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్‌గా అర్హత సంపాదించాలని నిశ్చయించుకుని, వచ్చే జనవరిలో ఎస్‌క్యూఈ (సొలిసిటర్ల అర్హత పరీక్ష) మొదటి భాగం రాయాలనుకుంటున్నాను. ఇప్పటికే ఎన్‌రోల్ అయిన న్యాయవాదులకు రెండేళ్ల అర్హతానుభవ నిబంధన వర్తించదని తెలిసింది కనుక, పరీక్షే నా ముందున్న అసలు పని.

సాయంత్రం వాయిదాలు ముగిశాక ఆఫీసులో డ్రాఫ్టింగ్ పని ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున రెండు గంటలు, రాత్రి ఒక గంట తప్ప వారంలో నాకు వేరే సమయం చిక్కదు. ఏఐబీఈని (అఖిల భారత బార్ పరీక్ష) బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేని చట్ట ప్రతులు, పక్కన పెట్టుకుని, 100 ప్రశ్నలకు మూడున్నర గంటల వ్యవధిలో రాశాము. ఎస్‌క్యూఈలో పుస్తకమేదీ అనుమతించరని విన్నాను. మన కాంట్రాక్ట్ చట్టం, ఆస్తి బదిలీ చట్టం, వారసత్వ చట్టం బాగా తెలిసి ఉండడం ఈ పరీక్షలో నాకు ఎంతవరకు అక్కరకు వస్తుంది? కోచింగ్ తీసుకోవడం తప్పనిసరా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1
బర్మింగ్‌హామ్ సొలిసిటర్ (స్థిరాస్తి వ్యవహారాలు)

నేను కూడా మన దగ్గర ఎన్‌రోల్ అయ్యి, తరువాత ఇంగ్లండ్‌లో అర్హత పొందినవాడినే. మన చట్టాలు తెలిసి ఉండడం ఎంతవరకు అక్కరకు వస్తుందన్న మీ ప్రశ్న చాలా ముఖ్యమైనది కనుక దానితోనే మొదలుపెడతాను. మనకు బొత్తిగా తెలియని విషయాలు ఈ పరీక్షలో మనల్ని అంతగా ఇబ్బంది పెట్టవు, ఎందుకంటే తెలియదని తెలుసు కాబట్టి కూర్చుని చదువుతాము. ఇబ్బందంతా మనకు తెలుసనుకుని పైపైన చూసి వదిలేసే విషయాలతోనే వస్తుంది. రెండు దేశాల చట్టాలకూ మూలం ఒకటే కావడంతో తొంభై పాళ్లు ఒకేలా కనిపిస్తాయి. ప్రశ్న మాత్రం సరిగ్గా మిగిలిన పది పాళ్ల మీద పడుతుంది.

మీరు వీలునామా కేసులు చూస్తున్నారు కనుక అదే ఉదాహరణగా తీసుకోండి. ఒక పెద్దాయన ఉదయం పక్కింటాయన ఎదుట వీలునామాపై సంతకం చేశాడు, పక్కింటాయన సాక్షి సంతకం చేసి వెళ్లిపోయాడు. సాయంత్రం మరొక మిత్రుడు వచ్చినప్పుడు పెద్దాయన "ఇది నా సంతకమే" అని చెప్పగా ఆయనా సాక్షి సంతకం చేశాడు. మన 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం సాక్షులిద్దరూ ఒకే సమయంలో హాజరై ఉండనవసరం లేదు కనుక, ఈ వీలునామా నిలబడుతుంది. ఇంగ్లండ్‌లో 1837 నాటి వీలునామాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సంతకం చేసినప్పుడో, అది తనదేనని ఒప్పుకున్నప్పుడో సాక్షులిద్దరూ ఒకేసారి ఎదుట ఉండి తీరాలి కనుక, ఇది చెల్లదు. పరీక్షలో ఇలాంటి కథనానికి ఐదు జవాబులు ఇస్తారు. "ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి కాబట్టి చెల్లుతుంది" అన్నది వాటిలో ఒకటిగా తప్పకుండా ఉంటుంది, అలవాటైన కన్ను ముందుగా దాని మీదకే పోతుంది. అలాగే, పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా అక్కడ సాధారణంగా రద్దయిపోతుంది. మన దగ్గర హిందువులకు ఆ నియమం వర్తించదు.

ఒప్పందాల విషయంలోనూ ఇంతే. ప్రతిఫలం (వాగ్దానానికి బదులుగా ఇచ్చేది) వాగ్దానం పొందినవాడే ఇవ్వాలని లేదు, మరెవరు ఇచ్చినా చాలునని మన కాంట్రాక్ట్ చట్టం 2(డి) సెక్షన్ చెబుతుంది. 1880ల తొలినాళ్లలో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చిన చిన్నయ్య, రామయ్య కేసును మనమందరం మొదటి సంవత్సరంలోనే చదివాము. ఆస్తి ఇచ్చింది తల్లి, ఏటా సొమ్ము ముట్టవలసింది ఆమె తోబుట్టువులకు, అయినా కూతురు చేసిన వాగ్దానం ఆమెను కట్టిపడేసింది. ఇంగ్లండ్‌లో ప్రతిఫలం వాగ్దానం పొందినవాడి నుంచే రావాలి. మూడవ వ్యక్తికి హక్కు కావాలంటే 1999 నాటి ప్రత్యేక చట్టం షరతులకు లోబడి రావలసిందే. మైనర్ చేసుకున్న ఒప్పందం మన దగ్గర మొదటి నుంచీ చెల్లదు. అక్కడ నిత్యావసరాల వంటి కొన్నింటికి అతడు కట్టుబడతాడు, మిగిలిన వాటిలో చాలావరకు అతడు కాదనుకునే వీలు ఉంటుంది. ఒప్పంద భంగం మీద దావాకు మనకు మూడేళ్ల కాలపరిమితి, అక్కడ ఆరేళ్లు. దొంగతనం నేరానికి అక్కడ శాశ్వతంగా ఆ వస్తువును దూరం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. మన చట్టంలో తాత్కాలికంగా తీసుకుపోయినా అది దొంగతనమే కావచ్చు.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టి, ప్రతి అంశంలోనూ మన చట్టం ఎక్కడ విడిపోతుందో ఒక్క వాక్యంలో రాసుకుంటూ పోండి. కోర్టులో పనిచేసిన మీవంటి వారికి అంతకన్నా మంచి నోట్సు ఏ సంస్థా ఇవ్వలేదని నా గట్టి నమ్మకం.

సమాధానం 2
మాదాపూర్ కాంట్రాక్టుల విభాగం

పై సమాధానంలో చెప్పిన తేడాలన్నీ నిజమే కానీ, ఆ పద్ధతితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. మొదటి రోజు నుంచే ప్రతి నియమాన్నీ మన చట్టంతో పోల్చుతూ చదివితే పరీక్ష గదిలో రెండు జవాబులూ ఒకేసారి గుర్తుకు వస్తాయి, ఏది ఏ దేశానిదో తేల్చుకునే వ్యవధి అక్కడ ఉండదు. ఒక్కొక్క పేపరులో 180 ప్రశ్నలు, రెండు పేపర్లూ కలిపి 360. ఒక రోజు పేపరును 90 ప్రశ్నల చొప్పున రెండు పూటలుగా విడదీసి, పూటకు 2 గంటల 33 నిమిషాలు ఇస్తారు. అంటే పెద్ద కథనం చదివి, ఐదు జవాబుల్లో ఉత్తమమైనదాన్ని ఎంచుకోవడానికి ప్రశ్నకు 102 సెకన్లు. అందువల్ల ఇంగ్లండ్ చట్టాన్ని కొత్త సబ్జెక్టులా మొదట శుభ్రంగా చదివి, కనీసం ఒకసారి పూర్తి చేశాకనే ఆ తేడాల నోట్‌బుక్ తెరవండని నా సలహా.

ప్రశ్నల సాధనను చివరికి వాయిదా వేయకండి. తప్పు జవాబుకు మార్కులు కోత వేయరు కనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు. సెక్షన్ నంబర్లు, కేసుల పేర్లు బట్టీ పట్టే మన అలవాటును కూడా ఇక్కడ తగ్గించుకోవాలి. రైలండ్స్, ఫ్లెచర్ కేసు, పార్ట్ 36 ప్రతిపాదన (దావాలో రాజీకి చేసేది) వంటి, వృత్తిలో ఆ పేర్లతోనే పిలిచే కొన్నింటిని మినహాయిస్తే, పేర్లు గుర్తుంచుకోవాలని పరీక్ష కోరదు. కక్షిదారుకు ఇప్పుడు ఏ సలహా ఇవ్వాలన్నదే అది అడుగుతుంది.

మనవాళ్లు తక్కువ అంచనా వేసే సబ్జెక్టు సొలిసిటర్ల ఖాతాలు. జిల్లా కోర్టు ప్రాక్టీసులో ఫీజు, స్టాంపు ఖర్చు, కమిషనర్ ఫీజు కలిపి ఒకేసారి తీసుకోవడం పరిపాటి. అక్కడ కక్షిదారు సొమ్ము వేరు, ఆఫీసు సొమ్ము వేరు. ముందస్తు ఖర్చుల కింద కక్షిదారు 1,000 పౌండ్లు ఇస్తే అది క్లయింట్ ఖాతాలోకే పోవాలి. లెక్కలో క్లయింట్ నగదు పద్దుకు డెబిట్, ఆ కక్షిదారు లెడ్జర్‌కు క్రెడిట్ రాయాలి. పని చేసి బిల్లు ఇచ్చిన తరువాతనే అందులో నుంచి ఆఫీసు ఖాతాకు ఫీజు మళ్లించుకోవచ్చు. కనీసం ఐదు వారాలకొకసారి బ్యాంకు లెక్కతో సరిచూసుకోవాలి. ఇది చేత్తో పద్దులు రాసి నేర్చుకోవలసిన విద్య. వరుసగా ఒక నెలపాటు ఆదివారాలు దీనికే కేటాయిస్తే ఇక భయపడవలసింది ఉండదు, పైగా ఇక్కడ వచ్చే మార్కులు నికరమైనవి.

కోచింగ్ తప్పనిసరి అని పరీక్షను నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ ఎక్కడా చెప్పలేదు. అంశాల పూర్తి జాబితానూ, నమూనా ప్రశ్నలనూ ఉచితంగా అందుబాటులో ఉంచింది. ముందు ఆ నమూనా ప్రశ్నలను గడియారం పెట్టుకుని చేసి, మీ బలహీనత ఏ సబ్జెక్టులలో ఉందో చూసుకున్న తరువాతనే డబ్బు సంగతి ఆలోచించండి.

సమాధానం 3
విజయవాడ సీనియర్ న్యాయవాది

అమ్మా, నీ పట్టుదలకు నా ఆశీస్సులు. మా ఆఫీసులో శిక్షణ పొందిన జూనియర్లు కొందరు ఈ దారిలో వెళ్లారు కనుక, చదువు గురించి కాక, దాని చుట్టూ ఉన్న రెండు మూడు సంగతులు చెప్పాలనిపించింది.

మొదటి భాగం మన దేశంలోని పియర్సన్ వ్యూ కేంద్రాలలో రాయవచ్చు. రెండవ భాగంలో కక్షిదారుతో మాట్లాడడం, కోర్టులో వాదించడం వంటి మౌఖిక పరీక్షలకు మాత్రం ఇంగ్లండ్‌కో, వేల్స్‌కో స్వయంగా వెళ్లాలి. రెండు భాగాల ఫీజే కలిపి 4,700 పౌండ్లు దాటుతుంది, ప్రయాణం, బస దానికి అదనం. వృత్తి అనుభవాన్ని చూపించి రెండవ భాగం నుంచి మినహాయింపు కోరే అవకాశం అర్హులైన న్యాయవాదులకు ఉంది. అది ఎవరికి వారు దరఖాస్తు చేసుకుని పొందవలసినదే కనుక, నీ పేరున దాఖలైన వకాల్తాలు, నువ్వు రాసిన ప్లీడింగుల వివరాలు, సీనియర్ గారి ధ్రువపత్రం ఇప్పటి నుంచే క్రమంగా సేకరించి పెట్టుకో.

ఫలితాల సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జనవరిలో మొదటి భాగం రాసినవారిలో 56 శాతం, అదే ఏడాది జులైలో 44 శాతం ఉత్తీర్ణులయ్యారు. మొదటిసారి రాసిన నాటి నుంచి ఆరేళ్లలో మూడు ప్రయత్నాలకే అనుమతి. రెండు పేపర్లలో ఒకటి గట్టెక్కితే మిగిలినదాన్ని మాత్రమే మళ్లీ రాస్తే సరిపోతుంది. అయినా సన్నద్ధత చాలకుండా "ఒకసారి చూసి వద్దాం" అని కూర్చోవడానికి ఇది తగిన పరీక్ష కాదు.

ఇక సొలిసిటర్ అర్హత వేరు, అక్కడ పని చేసుకునే అనుమతి వేరు. సొలిసిటర్ల జాబితాలో పేరు చేరినంత మాత్రాన వీసా రాదు, ఉద్యోగం ఇచ్చే సంస్థ ముందుకు రావాలి. హైదరాబాదులోనే ఉండి విదేశీ ఒప్పందాల పని చేయడం నీ ఉద్దేశమైతే లెక్క వేరు. ఏదన్నది తేల్చుకుని ఖర్చు పెట్టు.

అడిగినవారి స్పందన
ఎల్.బి.నగర్ సివిల్ జూనియర్

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సీనియర్ గారూ, ధ్రువపత్రాల సంగతి నాకు తట్టనే లేదు, రేపే మొదలుపెడతాను. విదేశీ కక్షిదారుల ఆస్తి వ్యవహారాలు ఇక్కడి నుంచే చూడాలన్నది ప్రస్తుతానికి నా ఆలోచన.

బర్మింగ్‌హామ్ గారిని మరొక్క విషయం అడగాలి. నమూనా ప్రశ్నలు చేస్తుంటే భూమి చట్టం, ట్రస్టులు నాకు ఏమాత్రం కొరుకుడు పడడం లేదు. సేల్ అగ్రిమెంట్ కుదిరిన రోజునే కొనుగోలుదారుకు ఆస్తిలో ఒక విధమైన హక్కు వచ్చేసినట్లు జవాబులు ఉంటున్నాయి. రోజూ స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలు చూసే నాకు ఇది మింగుడు పడడం లేదు. దీన్ని ఎక్కడి నుంచి పట్టుకోవాలి?

సమాధానం 4
బర్మింగ్‌హామ్ సొలిసిటర్ (స్థిరాస్తి వ్యవహారాలు)

మీరు సరిగ్గా అసలు ముడి దగ్గరే ఆగారు. మన ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చివరి వాక్యం మీకు కంఠస్థమై ఉంటుంది. విక్రయ ఒప్పందం దానంతట అది ఆ ఆస్తిలో ఏ హక్కునూ, ఏ భారాన్నీ సృష్టించదని అది చెబుతుంది. ఇంగ్లండ్‌లో ఒకే ఆస్తికి రెండు అంతస్తుల యాజమాన్యం ఉంటుంది. చట్టరీత్యా యజమాని ఒకరు, ఈక్విటీ (న్యాయం కోసం కోర్టులు రూపొందించిన సూత్రాలు) దృష్టిలో దాని ఫలం దక్కవలసినవారు మరొకరు కావచ్చు. అందుకే చెల్లుబాటయ్యే ఒప్పందం కుదరగానే అమ్మకందారు చట్టరీత్యా యజమానిగా ఉంటూనే, కొనుగోలుదారుకు ఈక్విటీలో హక్కు పుడుతుంది. మన 1882 నాటి ట్రస్టుల చట్టం ఈ రెండంతస్తుల భావనను స్వీకరించలేదు. ట్రస్టును యాజమాన్యంతో ముడిపడిన ఒక బాధ్యతగా నిర్వచించి ఊరుకుంది. ఈ ఒక్క తేడా మనసుకు పట్టకపోతే, ట్రస్టులు, సహయాజమాన్యం, రిజిస్టర్‌లో నమోదు కాని హక్కులు కొనుగోలుదారును ఎప్పుడు కట్టివేస్తాయన్న అధ్యాయాలు అన్నీ విడివిడి నియమాల కుప్పలా కనిపిస్తాయి.

కాబట్టి పుస్తకం వరుసను పక్కన పెట్టి, ముందు ట్రస్టులు చదవండి, దాని వెంటనే భూమి చట్టం, ఆ తరువాత స్థిరాస్తి ప్రాక్టీసు, వీలునామాలు. ఈ నాలుగూ రెండవ పేపరులోనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. వీలునామాలతో పాటే వారసత్వపు పన్ను కూడా చూడండి. మన దేశంలో 1985లో ఎస్టేట్ డ్యూటీ రద్దయిపోయింది కనుక అది మన ప్రాక్టీసులో ఎదురుకాని విషయం. అక్కడ 3,25,000 పౌండ్ల ప్రాథమిక పరిమితి, దాని పైన సాధారణంగా 40 శాతం, జీవిత భాగస్వామికి పోయే ఆస్తికి మినహాయింపు, ఈ మూడింటితో లెక్కలు వేయడం చేతనైతే చాలా ప్రశ్నలు తేలికవుతాయి.

మాదాపూర్ వారి మాటలో న్యాయం ఉంది. ట్రస్టులు, భూమి విషయంలో మన చట్టాన్ని పూర్తిగా పక్కన పెట్టి చదవడమే మేలు. ఒప్పందాలు, వీలునామాలు, నేర చట్టంలో మాత్రం నోట్‌బుక్ మొదటి రోజు నుంచే ఉండాలని ఇప్పటికీ అంటాను.

పుస్తకాలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పరీక్షకు నాలుగు నెలల ముందు అమలులో ఉన్న చట్టం మీదనే ప్రశ్నలు వస్తాయి. జనవరి పరీక్షకు అంటే అంతకుముందు సెప్టెంబరు నాటి చట్టం. సెకండ్‌హ్యాండ్ పుస్తకం దొరికితే సివిల్ దావాల అధ్యాయం తెరిచి, 2023 అక్టోబరులో వచ్చిన ఇంటర్మీడియట్ ట్రాక్ (మధ్యస్థాయి దావాల విచారణ మార్గం) ప్రస్తావన ఉందో లేదో చూడండి. లేకపోతే ఎంత చౌకగా ఇచ్చినా ఆ పుస్తకం తీసుకోకండి.